నిన్న రోకలి, నేడు రిమోటు



గడచిన మాసమున మా ఆడపడుచు వికారాబాదు దగ్గరి పల్లెనుండి మా యింటికి వచ్చి యిట్లు చెప్పినది: "వదినా! మా మహిళాసంఘము డ్రోనుకొరకు దరఖాస్తు చేయదలచినది. నడుపుట నేర్చుకొనుటకు నన్ను పంపుదుమనుచున్నారు. మా యింటనేమో, యంత్రము నీ పేర వచ్చిన చాలును, నడుపుట మేము చూచుకొందుమని మగవారనుచున్నారు. నేనేమి చేయుదును?" ఇది యామె యొక్కతె ప్రశ్న కాదని తోచి, ఈ మాసమునకు దీనినే విషయముగా గ్రహించితిని.

డ్రోననగా మనుష్యుడెక్కని చిన్న విమానము. విప్పి చూచినచో అందు ముఖ్యమైనవి కెమేరా, బ్యాటరీ, రేడియో, దిక్కును ఎత్తును తెలుపు పరికరములు. ఇవన్నియు ఎలక్ట్రానిక్సు కంపెనీల చేతిలోని వస్తువులే గనుక వారీ వ్యాపారమున అడుగిడుట వింత గాదు. కెమేరాలకు పేరుపడిన జపాను సోనీ సంస్థ 2015లో జెడ్.ఎం.పి. అను మరియొక సంస్థతో గలసి ఏరోసెన్స్ అను డ్రోనుల కంపెనీని నెలకొల్పినది.

మన మాదాపూరులోని సైయెంట్ కథయు చూడదగినది. 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డిగారు ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ అను పేర స్థాపించిన యీ సంస్థ, తొలుత కాగితపు పటములను కంప్యూటరు కెక్కించెడిది. 2014లో పేరు మార్చుకొనినది. 2015లో మైసూరులోని రంగ్సన్స్ ఎలక్ట్రానిక్స్ నందు అధికభాగమును కొనినది. 2020 ఏప్రిలులో, కరోనా లాక్‌డౌను నాడు, సైబరాబాదు పోలీసువారికి డ్రోనులతో తోడ్పడినది. ఆ యంత్రములు వీధులను కెమేరాతో చూచుటయేగాక, మైకుతో జనులను హెచ్చరించుటకును ఉపయోగపడినవి. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 11న, మా ఆడపడుచు జిల్లాయగు వికారాబాదులోనే, డ్రోనులచే మందులు చేరవేయు ప్రయోగమును తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించినది.

ఇందు గమనింపవలసిన దొకటి గలదు. ఈ వ్యాపారమున యంత్రము నమ్ముటకంటె యంత్రము చేయు పనిని అమ్ముట పెరుగుచున్నది. మనము పిండిమరను కొనము. గోధుమలు పట్టించుకొని కూలి యిచ్చి వత్తుము. రైతును అట్లే డ్రోను కొనడు; ఎకరమునకింత యని యిచ్చి మందు కొట్టించుకొనును. కావున లాభము యంత్రము కలవారికెంతయో, దానిని నడుపగల చేతికిని అంత.

మర మాట వచ్చినది గనుక మా అమ్మమ్మ చెప్పిన సంగతి వ్రాయుదును. ఆమె చిన్నతనమున వారి యింటికి దంపుళ్లకు నలుగురు స్త్రీలు వచ్చెడివారట. కూలిగా బియ్యము, నూకలు, తవుడు గొనిపోయెడివారు. ఊరికి ధాన్యపు మర వచ్చినది. రోకటిపోటు తప్పినదని ఇల్లాండ్రు సంతసించిరి, సంతసింపదగినదే. కాని మరకడ కూర్చుండినవాడు పురుషుడు, లెక్క వ్రాసినవాడు పురుషుడు. దంపుడు కూలితో బిడ్డల పోషించుకొన్న ఆ నలుగురు ఏమైరని ఎవరును అడుగలేదు. "మర మంచిదే గాని, దానికడ మాకు చోటు లేకపోయెను" అని వారిలో నొకతె యనెనట.

ఇప్పుడు పత్తిచేనికి రండు. వీపున పంపు మోసి మందు కొట్టువాడు పురుషుడైనను, బిందెలతో నీరు తెచ్చి పంపు నింపునది స్త్రీయే. ఆ విషపు గాలి యిద్దరి యూపిరిలోను జేరును. డ్రోను ఎకరము చేనిని పది నిమిషములలోపున, సుమారు పది లీటర్ల నీటితో తడుపును. బిందె మోయు శ్రమయు, మందు మీదబడు భయమును తగ్గును. ఆ కూలియు తగ్గును. తగ్గిన కూలి యెవరి చేతికి పోవుననునదే మా ఆడపడుచు ప్రశ్నలోని అసలు ప్రశ్న.

మా యింటివారు నిబంధనలు తెచ్చి చదివి వినిపించిరి. 2021 డ్రోను నియమముల ప్రకారము ఇట్టి డ్రోనును నడుపుటకు ధ్రువపత్రము కావలెను. పదవతరగతి నెగ్గి, 18 మొదలు 65 సంవత్సరముల వయస్సు గలవారు శిక్షణ పొంది దానిని పొందవచ్చును. ఆ పత్రము నేర్చిన మనిషిదే. ఒకరి పేర నున్నదానితో మరియొకరు నడుపరాదు. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన నమో డ్రోన్ దీదీ పథకము 15,000 మహిళాసంఘములకు ఉద్దేశింపబడినది. యంత్రపు ఖరీదులో నూటికి 80 వంతులు, ఎనిమిది లక్షల రూపాయలకు మించకుండ, సహాయముగా నిర్ణయించిరి. సంఘములో నొకతెకు పదునైదు దినముల శిక్షణ. ఇంటివారిలో నొకరికి మరమ్మతులు చూచు సహాయకుని శిక్షణ. ఇది విని నేను, "అమ్మాయీ! నడుపుట నీది, మరమ్మతు మీ వారిది. ఇద్దరికిని పని గలదని చెప్పుము" అంటిని. ఆమె నవ్వినది.

అయినను కనులు మూసికొని దిగవలదు. ఒక బ్యాటరీ కొలదినిమిషములే నిలుచును; ఎన్ని జతలిత్తురో యడుగవలెను. చెడినచో బాగుచేయువారెంత దూరమున నున్నారో, బీమా యెవరు కట్టుదురో, మందు కొట్టు కాలము గడచిన పిమ్మట పని యేమున్నదో, వచ్చిన కూలి యెవరి ఖాతాలో పడునో ముందుగా దెలిసికొనవలెను. కడపటి ప్రశ్నను సిగ్గుపడి మానవలదు.

మూడవనాడు ఊరికి బోయి ఆమె ఫోను చేసినది. పెట్టె యడుగున, పెండ్లిచీర క్రింద, పదవతరగతి పత్రము దొరకినదట. అత్తగారు దానిని చూచి, "ఇన్నాళ్లు చెప్పలేదేమే?" అనిరట. పదునైదు దినములు బిడ్డలను తాము చూచుకొందుమని మాత్ర మింకను అనలేదు. ఆ మాటకై యామె వేచియున్నది.

సోదరీమణులారా, మీలో ఎందరి పెట్టెల యడుగున అట్టి పత్రము లున్నవో! ఒకమారు తీసి చూడుడు. మీ యింట కోడలో, ఆడపడుచో ఇట్టి పనికి బోదలచినచో ఆ పదునైదు దినములు ఆమె బిడ్డలకు అన్నము పెట్టుడు. మరకడ ఆ నలుగురికి చోటు లేకపోయెను. ఈమారు చోటు మిగిల్చుట కొంత మనచేతిలోను ఉన్నది.