జ్వరం తగ్గడం వేరు, మలేరియా పోవడం వేరు

పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో కొందరు పరిశోధకులు మలేరియా మందు కోసం వెతుకులాటను ప్రయోగశాలలో కాక పల్లెల్లో మొదలుపెట్టారు. ఈమధ్య మలేరియా వచ్చినవారికి ఏ మొక్క ఇచ్చారు, ఎలా కాచారు, తర్వాత ఏమైందని ఇంటింటా అడిగారు. అలా తేలిన 66 మొక్కల్లో ఎక్కువ ఆశ పుట్టించింది బలురక్కసి. మన బీళ్లలో, రోడ్ల పక్కన పసుపు పూలతో, ముళ్ల ఆకులతో కనిపించేదే. తుంచితే పసుపుపచ్చని పాలు కారతాయి. ముందు కషాయం మోతాదు తేల్చుకుని, ఆ తర్వాత 301 మంది రోగుల్లో కొందరికి అది, మిగతావారికి ఆర్టిమిసినిన్ కలిసిన మాత్రలు ఇచ్చి 28 రోజులు గమనించారు. కషాయం తాగినవారిలో 89 శాతానికి, మాత్రలు వేసుకున్నవారిలో 95 శాతానికి వేరే మందు అవసరం పడలేదు. ఈ ఫలితాలు 2010లో వెలువడ్డాయి.

జనం వాడే తీరు నుంచే పరీక్ష మొదలవ్వాలని నేను నమ్మడానికి కారణం ఇదొక్కటే కాదు. ఆర్టిమిసినిన్ దొరికిందీ అలాగే. నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గె హోంగ్, ఆర్టిమిసినిన్ ఉండే మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమన్నాడు, మరిగించమనలేదు. వేడికి గుణం చెడుతోందేమోనని చైనా శాస్త్రవేత్త తూ యూయూకు తట్టింది అక్కడే. తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో తీసిన సారం 1971లో ఎలుకల్లోని మలేరియా క్రిములను పూర్తిగా తుడిచేసింది. మరోపక్క, గాజు పాత్రలో క్రిములను చంపి, ఒంట్లోకి వెళ్లాక తేలిపోయిన మొక్కల సారాలు కోకొల్లలు.

అయితే తరతరాల వాడుకే రుజువు, ఇంకా పరీక్షలెందుకు అనేవారితో నేను ఏకీభవించలేను. మలేరియా జ్వరం వచ్చి పోతుంది. వైవాక్స్ రకమైతే రోజు విడిచి రోజు వస్తుంది, తగ్గిందనుకున్నాక కాలేయంలో దాగిన క్రిములతో నెలల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది. జ్వరం విడిచిన పూట ఏది తాగితే దానికే పేరొస్తుంది. నిజం చెప్పేది వేలి కొసన తీసిన రక్తపు చుక్క. దాన్ని గాజు పలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద క్రిములను లెక్కపెట్టాలి. 28 రోజుల దాకా మళ్లీ మళ్లీ చూడాలి. ఏడాకుల పాల, గచ్చకాయ వగైరాలతో చేసిన ఆయుష్-64ను మన దేశంలోనే ఇలా వైవాక్స్ రోగుల మీద క్లోరోక్విన్‌తో పోల్చి చూశారు. 2000లో వెలువడిన ఆ ఫలితాల్లో క్లోరోక్విన్ అందరికీ నయం చేస్తే, ఆయుష్-64 సుమారు సగం మందికే చేసింది. ఆ ఫలితం దాచకుండా ప్రచురించడం సంప్రదాయ వైద్యానికి జరిగిన మేలు.

మంచి మాత్రలుండగా ఈ శ్రమ ఎందుకని వైద్యులు అడగొచ్చు. మాత్రలు ఎల్లకాలం పనిచేయవు. మెకాంగ్ నదీ ప్రాంతంలో, రువాండా, ఉగాండాల్లో ఆర్టిమిసినిన్‌కు లొంగని క్రిములు బయటపడ్డాయి. మన ఈశాన్య రాష్ట్రాల్లో 2013లోనే మందు కలయిక మార్చాల్సివచ్చింది. అయినా బలురక్కసి కషాయాన్ని రేపే మన మన్యానికి తెద్దామంటే ఒప్పుకోను. అది రక్తంలో క్రిములను తగ్గిస్తుందే గానీ, పూర్తిగా పోగొట్టడం అరుదు. ఏటా మళ్లీ మళ్లీ మలేరియా సోకే మాలి పల్లెల్లో బిడ్డ పరిస్థితి విషమించకుండా కాపాడినా పెద్ద మేలే. 2030కల్లా మలేరియాను నిర్మూలించాలనుకునే మనకు అది చాలదు: ఒంట్లో మిగిలిన క్రిమి దోమకెక్కి ఇంకొకరికి చేరుతుంది. పైగా ఆ మొక్క గింజల నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో అరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. ఏ భాగం, ఎంత, ఎవరికి అన్నది తేలనిదే మందని పిలవలేం.

మన ఏజెన్సీలో తొలి అడుగుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. జ్వరం వచ్చినవారి వేలి నుంచి రక్తం తీసేటప్పుడే ఆశా కార్యకర్త ఇంకో ప్రశ్న అడిగి రాసుకోవాలి: అంతకుముందు ఇంట్లో నేలవేము పట్టారా, వేరే పసరు పట్టారా, ఎన్ని రోజులు? మాత్రలు ఎవరికీ ఆపకూడదు. ఆ లెక్కల్లో ఆశ కనిపించిన మొక్కనే ప్రయోగశాలకు పంపాలి. దాని నుంచి లాభం వస్తే, 2002 జీవవైవిధ్య చట్టం చెప్పినట్టు అందులో వాటా ఆ విద్య తెలిసిన కోయ, కొండరెడ్డి గూడేలకు చేరాలి. మందు పనిచేయలేదని తేలితే, ఆ సంగతి కూడా ముందు ఆ గూడేలకే, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.