డుమువులు చేర్చినంత మాత్రాన అనువాదమౌనా?

శ్రీహర్షుని నైషధీయచరితాన్ని శ్రీనాథుడు శృంగారనైషధంగా తెనిగించినప్పుడు సంస్కృత పండితులు ఆయనను ఎగతాళి చేశారని ఒక చాటుకథ ఉన్నది. తెలుగు విభక్తులైన డుమువులను తానే ఉంచుకొని, మిగిలిన నైషధాన్ని తమకు తిరిగి ఇచ్చివేయమన్నారట. శ్రీనాథుని పట్ల ఆ ఆక్షేపం అన్యాయం. కావ్యాంతంలో ఆయన తన అనువాద పద్ధతిని తానే వివరించాడు. మూలంలోని శబ్దాన్ని అనుసరించడంతో ఆగక, కవి అభిప్రాయాన్నీ రసాన్నీ ఔచిత్యాన్నీ తూచి చూచినట్లు చెప్పుకొన్నాడు. ఆయనకు వర్తించని ఆ ఎగతాళి, నేడు అంగళ్ళలో 'తెలుగు తాత్పర్య సహితం' అనే ముఖచిత్రంతో దొరికే అనేక స్తోత్ర, ఉపనిషద్గ్రంథాలకు మాత్రం చక్కగా వర్తిస్తుంది. ఆ తాత్పర్యాలలో మూలపదమే డుమువులు తొడుగుకొని మళ్ళీ దర్శనమిస్తుంది.

దీనికి కారణం అలసత్వమొక్కటే కాదు, సాన్నిహిత్యం కూడా. ఉపనిషత్తును జర్మన్ భాషలోకి మార్చేవాడు ప్రతి పదం దగ్గరా ఆగవలసిందే. అతనికి ఏ పదమూ చుట్టం కాదు. తెలుగువానికి సగం పదాలు పుట్టినింటివే అనిపిస్తాయి. తెలిసినదానిని విచారించాలని ఎవరికీ తోచదు. అందువల్ల సంస్కృతానికి దూరమైన భాషలవారి కంటె తెలుగు అనువాదకునికే మూలపరిశీలన ఎక్కువ అవసరం.

'అవసరం' అన్న ఆ మాటనే చూడవచ్చును. తెలుగులో అది కావలసినతనం. సంస్కృతంలో అది సమయం, సందర్భం. ఇట్టి పదాలు శాస్త్రగ్రంథాలలో అడుగడుగునా ఉన్నాయి. తార్కికుల 'అనుమానం' కొండమీద పొగను చూచి నిప్పును నిశ్చయించే ప్రమాణం. తెలుగింట అది సందేహం. అనువాదకుడు 'అనుమానమే ప్రమాణము' అని వ్రాసి ముందుకు సాగితే, సందేహమే ప్రమాణమెట్లా అవుతుందని పాఠకుడు తల పట్టుకొంటాడు. వేదాంతి 'ఉపాధి' స్ఫటికం ప్రక్కన పెట్టిన మందారపువ్వు వంటిది. తన ఎరుపును స్ఫటికానిదిగా భ్రమింపజేస్తుంది. తెలుగు పాఠకునికి ఉపాధి అంటే హామీ పథకం. 'దేహాభిమానం' అంటే దేహమే నేను అనే తాదాత్మ్యబుద్ధి. తెలుగులో అభిమానమంటే ప్రేమ, ఆదరం. అభిమానాన్ని విడువవలెనన్న వాక్యాన్ని చదివి, ఇంట్లోవారిపై ప్రేమను చంపుకోవడమే వైరాగ్యమని బాధపడే సాధకులు లేకపోలేదు. ఇక భాష్యాలలో తరచుగా కనబడే 'అనవస్థాప్రసంగం' అంతులేని కారణపరంపర వచ్చిపడుతుందనే దోషాపాదన. దానిని విడమరచకుండా దింపితే అదేదో అస్తవ్యస్తమైన ఉపన్యాసమనుకొంటారు! తాత్పర్యం వ్రాసినవాడు ఇక్కడ అబద్ధమేమీ చెప్పలేదు, పదాన్ని మార్చనూ లేదు. మార్చకపోవడమే దోషమైంది.

ఒకే గ్రంథంలో ఒకే పదం వేర్వేరు అర్థాలలో వచ్చే చోటు మరింత సున్నితమైనది. భగవద్గీతలోని 'బ్రహ్మ' శబ్దం ఇందుకు మంచి నిదర్శనం. 8వ అధ్యాయారంభంలో అర్జునుని ప్రశ్నకు సమాధానంగా అది అక్షరమైన పరతత్త్వం. 14వ అధ్యాయం 3వ శ్లోకంలో భగవంతుడు గర్భాధానం చేసే యోని, అనగా ప్రకృతి. 3వ అధ్యాయంలో యజ్ఞచక్రాన్ని వర్ణించే 15వ శ్లోకంలో అదే శబ్దానికి శంకరభగవత్పాదులు వేదమని అర్థం చెప్పారు. రామానుజాచార్యులు ప్రకృతి పరిణామమైన శరీరమని చెప్పారు. మూడుచోట్లా 'పరబ్రహ్మము' అని వ్రాసిన తాత్పర్యం వినడానికి భక్తిపూర్వకంగానే ఉంటుంది. కాని 14వ అధ్యాయంలో పరబ్రహ్మమే గర్భం ధరించే యోని అయిపోతుంది. ఆ శ్లోకాన్ని ఒంటరిగా చూచినవానికి ఈ చిక్కు కనబడదు. అధ్యాయమంతా ఒకసారి, గ్రంథమంతా ఒకసారి చదివి, ఆ పదం వచ్చిన ప్రతి చోటునూ గుర్తు పెట్టుకొన్నవానికే కనబడుతుంది.

ఈశావాస్యోపనిషత్తు తొలి మంత్రం దగ్గర ఈ పరిశీలన ఇంకా లోతుకు వెళ్తుంది. తెలుగు చెవికి 'ఈశా' అనగానే సంబోధన వినిపిస్తుంది. 'వాస్యం' అనగానే నివాసం స్ఫురిస్తుంది. శంకరులు 'ఈశా' అనేది 'ఈట్' అనే హలంత శబ్దానికి తృతీయ అని, 'వాస్యం' కప్పడమనే అర్థం గల ధాతువునుండి వచ్చిందని గ్రహించి, జగత్తంతా ఈశ్వరునిచేత కప్పబడవలసినదని వ్యాఖ్యానించారు. మధ్వాచార్యులు దానినే సమాసంగా గ్రహించి ఈశ్వరునికి నివాసయోగ్యమైనదన్నారు. ఒకే ధ్వని రెండు సిద్ధాంతాలకు ద్వారమైంది. అదే మంత్రంలో భుజ్ ధాతువు ఆత్మనేపదంలో ఉన్నది. రక్షించడమనే అర్థంలో కాక ఇతరార్థాలలోనే ఈ ధాతువు ఆత్మనేపదం పొందుతుందని పాణిని సూత్రం. శంకరులు మాత్రం 'పాలింపుము, రక్షించుకొనుము' అన్నారు. ఇది సూత్రవిరుద్ధమని త్రోసిపుచ్చడం సులభం; కాని వేదవాక్కులో పదవ్యత్యయాలకు చోటిచ్చినవాడూ ఆ పాణినియే. 'అనుభవింపుము' అని వ్రాసే అనువాదకునికి వ్యాకరణం తోడుగా ఉన్నది, 'రక్షించుకొనుము' అని వ్రాసేవానికి భాష్యం తోడుగా ఉన్నది. ఇక్కడ దారి చీలుతున్నదని తెలియకుండా వ్రాసేవానికి మాత్రం రెండూ లేవు.

మూలమంటే ఏ మూలమన్న ప్రశ్న కూడా ఉన్నది. ఈ ఉపనిషత్తు కాణ్వశాఖలో 18 మంత్రాలు, మాధ్యందినశాఖలో 17. శాంకరభాష్యం కాణ్వపాఠానికి. ఆంధ్రదేశంలో అత్యధికులు తైత్తిరీయశాఖాధ్యాయులు గనుక, శుక్లయజుర్వేదానికి చెందిన ఈ పాఠం వారికి గురుముఖతః వచ్చినది కాదు, అచ్చుపుస్తకంనుండి వచ్చినది. ఆ పుస్తకాలలో చాలవాటిలో స్వరచిహ్నాలు సైతం ఉండవు. స్వరం లేని మంత్రానికి అర్థం చెప్పబూనడం ఎంత ప్రమాదమో త్వష్ట కథ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. 'ఇంద్రశత్రు' శబ్దంలో ఉదాత్తం అంత్యంలో ఉంటే తత్పురుషమై ఇంద్రుని చంపేవాడు. ఆదిలో ఉండగా బహువ్రీహియై ఇంద్రుని చేత చచ్చేవాడు. వృత్రుడు రెండవ విధంగానే పోయాడు.

భక్తికి ఇంత వ్యాకరణం ఎందుకని అడిగేవారు ఉన్నారు. పారాయణ చేసేవానికి అక్కరలేకపోవచ్చును. శ్రద్ధతో నామం పలికేవానిని ఏ శాస్త్రమూ అడ్డగించదు. కాని అనువదించేవాడు తన శ్రద్ధతో తాను తృప్తిపడే స్థానంలో లేడు. పది మందికి దారి చెప్పే స్థానంలో కూర్చున్నాడు. అట్టివాడు కలం పట్టకముందు పదచ్ఛేదం చేసి, అన్వయం కూర్చి, ప్రకరణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూచి, కనీసం ఒక భాష్యాన్ని మొదటినుండి చివరివరకు చదవడం అధికమైన కోరిక కాదు. ఉపక్రమోపసంహారాదులైన ఆరు తాత్పర్యలింగాలను మీమాంసకులూ వేదాంతులూ ఇందుకే నిర్దేశించారు. ఏ పుస్తకం తెరచినా ఆ ఆరింటి పేర్లు పీఠికలో దర్శనమిస్తాయి, లోపలి పుటలలో వాటి జాడ కనబడదు.

ఆ ఆరింటిలో ఒకటైన అర్థవాదాన్ని గుర్తించకపోవడం వలన కలిగే హాని పుస్తకంలోనే ఆగిపోదు. శాస్త్రంలో నింద ఉన్నచోట, ఆ నింద నింద్యమైనదానిని దూషించడానికి కాదు, విధించినదానిని ప్రశంసించడానికని నహినిందాన్యాయం చెబుతుంది. ఏకాదశినాటి అన్నాన్ని గూర్చి పురాణాలలో కనబడే ఘోరమైన మాటలు ఈ కోవలోనివి. అవి ఉపవాసానికి ప్రశంస. ఉపవాసం ఎవరికి విధింపబడిందో చెప్పే వాక్యాలు వేరే ఉన్నాయి. ఎనిమిదేండ్లు దాటి ఎనభై నిండనివారికే ఆ నియమమని ధర్మశాస్త్రం హద్దు గీసింది. అశక్తులకు, రోగులకు సడలింపులు చెప్పింది. చిన్న వ్రతపుస్తకాన్ని తెలుగు చేసేవారు నిందావాక్యాన్ని పొల్లుపోకుండా దింపుతారు. హద్దు గీసిన వాక్యం మరొక గ్రంథంలో, మరొక ప్రకరణంలో ఉండడంచేత వారి చేతికి రాదు.

ఆ పుస్తకం చదివి, మధుమేహానికి వేసుకోవలసిన మాత్రను ద్వాదశి పారణ వరకు ఆపి, స్వామి సన్నిధిలో కళ్ళు తిరిగి కూలబడే వృద్ధులు ఏ ఆలయంలోనైనా ఏకాదశినాడు కనబడతారు. ఎందుకిట్లా చేశారని అడిగితే, పుస్తకంలో అట్లా ఉన్నదనే చెబుతారు. వారి భక్తిలో లోపం లేదు. వారి చేతికి ఇచ్చిన తాత్పర్యంలో ఉన్నది. వ్రతాన్ని భంగపరచనివి ఎనిమిదని మహాభారతం చెప్పగా, నిబంధకారులు దానిని పదేపదే ఉదాహరించారు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. ఆ పుస్తకాల తరువాతి ముద్రణలో, నిందావాక్యం ఉన్న పుటలోనే, ఈ ఎనిమిదింటినీ తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేయవలసి ఉన్నది.