అడిగితే పైరవీ, అడక్కుండా పంపితే పరిపాలన

2022 జూలైలో తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ ఉద్యోగుల కోసం లాటరీలు తీశారు. తగిలినవాళ్లకు డబ్బు రాలేదు, కొత్త శాఖ వచ్చింది. 2020 సెప్టెంబరులో అసెంబ్లీ చేసిన చట్టంతో గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) పోస్టులు రద్దయ్యాయి. ఆ తర్వాత రెండేళ్ల దాకా అటూ ఇటూ కాకుండా ఉండిపోయిన 5 వేల మందికి పైగా ఉద్యోగులను జీవో 121 కింద చీటీలు తీసి వేర్వేరు శాఖలకు పంచేశారు. నిజామాబాద్ జిల్లా ఇందుకు మినహాయింపు కాదు. పహాణీలు, సర్వే నంబర్లే లోకంగా బతికిన మనిషి రేపటి నుంచి ఏ ఆఫీసులో కూర్చోవాలో చీటీ చెప్పింది. నీకు ఏ పని వచ్చు, ఎక్కడికి పోవాలనుంది అని అతన్ని అడిగినవాళ్లు లేరు.

మరుసటి ఏడాది గ్రామ రెవెన్యూ సహాయకుల (వీఆర్ఏల) వంతు వచ్చింది. రాష్ట్రంలో 20,555 మంది వీఆర్ఏల వ్యవస్థను ముగించి, నీటిపారుదల, మిషన్ భగీరథ, మున్సిపల్, పంచాయతీరాజ్ వంటి శాఖల్లో సర్దుబాటు చేస్తూ ఉత్తర్వులిచ్చారు.

ఇక 2025లో కథ అడ్డం తిరిగింది. భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. ఊరి భూముల లెక్క తెలిసిన మనిషి ఊళ్లో ఉండాల్సిందేనని ప్రభుత్వానికి మళ్లీ తోచింది. గ్రామ పాలన అధికారి పేరుతో 10,954 పోస్టులు మంజూరయ్యాయి. పాత వీఆర్వోలు, వీఆర్ఏల్లో ఎవరు తిరిగొస్తారో చెప్పమన్నారు. ముందుకొచ్చినవాళ్లకు అర్హత పరీక్ష పెట్టారు. 2025 సెప్టెంబరు 5న హైదరాబాద్ హైటెక్స్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చేతుల మీదుగా సుమారు 5 వేల మంది నియామక పత్రాలు అందుకున్నారు. శాఖ దాటించి పంపినప్పుడు ఏ పరీక్షా లేదు. సొంత గూటికి వస్తానని కోరుకున్నప్పుడు మాత్రం పరీక్ష రాయాల్సి వచ్చింది!

పరీక్ష పెట్టడం తప్పని కాదు. భూమి రికార్డు చేతిలో పెట్టేముందు మనిషికి ఎంత తెలుసో చూసుకోవాల్సిందే. అదే జాగ్రత్త 2022లో ఏమైందన్నదే అడగాల్సిన మాట. యజమాని మార్చితే అది పరిపాలన, ఉద్యోగి మారతానంటే అది పైరవీ. మన ఆఫీసుల్లో పాతుకుపోయిన ఈ లెక్క రూల్ పుస్తకంలోకీ ఎక్కింది. 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల ప్రకారం, పరిపాలనా కారణాలతో ఒక యూనిట్ నుంచి మరో యూనిట్‌కు పంపితే ఉద్యోగి సీనియారిటీ చెక్కుచెదరదు. సొంత కోరికపై పోతే కొత్త చోట చేరిన తేదీ నుంచే లెక్క మొదలవుతుంది. అక్కడ ముందు నుంచీ ఉన్నవాళ్లకు అన్యాయం జరగకూడదన్నది ఈ నియమం వెనుక ఉన్న ఉద్దేశం, అది న్యాయమైనదే. కానీ దరఖాస్తు పెట్టేవాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు? జూనియర్లు ప్రమోషన్ తీసుకుని ముందుకు పోయాక తెలిసి లాభమేముంది?

పని విభాగం మారాలన్న ఆరాటం నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతానికి కొత్తది కాదు. 1937లో నిజాం హయాంలో పుట్టిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ, నిజాంసాగర్ కాల్వ నీళ్లతో పండిన చెరకును పిప్పి చేస్తూ దశాబ్దాల పాటు ఈ బెల్టుకు జీతాలు పంచింది. చక్కెర ఫ్యాక్టరీ అంటే బయటివాళ్లకు ఒకే పొగగొట్టం. లోపలివాళ్లకు అది అనేక ఊళ్ల పెట్టు. చెరకు విభాగం, కాటా, మిల్ హౌస్, బాయిలర్, బాయిలింగ్ హౌస్, ల్యాబ్, వర్క్‌షాప్, గోదాం, ఆఫీసు - దేని వేడి దానిది, దేని చప్పుడు దానిది. అక్కడ విభాగం మారాలనుకోవడం షిఫ్టు కోసమో, పై అధికారితో పడకపోవడం వల్లనో మాత్రమే కాదు. చక్కెర పరిశ్రమ నడిచేదే సీజన్ మీద. చలికాలం మొదట్లో క్రషింగ్ మొదలవుతుంది, వేసవి ముదిరేలోగా ఆగిపోతుంది. ఆ తర్వాత సీజనల్ కార్మికుడు ఇంటిదారి పట్టాలి, చేతికొచ్చేది రిటెన్షన్ అలవెన్సు మాత్రమే. మిషన్లు విప్పి బాగుచేసే విభాగాల్లోని పర్మనెంట్ మనిషికి పన్నెండు నెలలూ పనే. కాబట్టి ఒక షెడ్డు నుంచి పక్క షెడ్డుకు మారడమంటే ఇంట్లో ఏడాది పొడుగునా పొయ్యి వెలగడం. ఇలాంటి చోట ఖాళీ సంగతి నోటీసు బోర్డు మీద కనబడకుండా చెవుల్లో తిరిగితే, అది ఎవరి చెవిన ముందు పడుతుందో చెప్పనక్కర్లేదు.

2002లో ఈ ఫ్యాక్టరీతో పాటు మెట్‌పల్లి, మొంబోజిపల్లి యూనిట్లు నిజాం దక్కన్ షుగర్స్ పేరిట ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్లాయి. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించారు. ఆ రోజుతో ఏ విభాగం మంచిదన్న చర్చే లేకుండా పోయింది.

రాసిపెట్టుకున్న నియమం ఏం చేయగలదో ఆర్టీసీ కేసు ఒకటి చూపిస్తుంది. బోధన్, బాన్సువాడ, ఆర్మూర్ డిపోల డ్రైవర్లు దాన్ని శ్రద్ధగా చదువుకోవాలి. 2014లో డ్రైవర్‌గా చేరిన ఒకాయనకు వైద్య పరీక్షలో రంగులు గుర్తుపట్టలేని లోపం ఉందని తేలింది. స్టీరింగ్ వదిలి సంస్థలోనే మరో పని చేస్తానని ఆయన అడిగాడు. సంస్థ కాదని 2016 జనవరిలో ఇంటికి పంపింది. కేసు హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు చేరింది. 2025 ఆగస్టు 1న జస్టిస్ జె.కె.మహేశ్వరి, జస్టిస్ అరవింద్ కుమార్ ధర్మాసనం తీర్పు చెప్పింది. అదే పే గ్రేడుతో తగిన పోస్టు ఎనిమిది వారాల్లో ఇవ్వాలి, తొలగించిన రోజు నుంచి రావాల్సిన జీతంలో 25 శాతం చెల్లించాలి.

కోర్టుకు ఆధారమైనదేమిటో గమనించాలి. 1979లో కార్మిక సంఘాలు యాజమాన్యంతో చేసుకున్న ఒప్పందంలో, రంగులు గుర్తుపట్టలేని డ్రైవర్లకు వేరే పని చూపాలన్న క్లాజు ఉంది. ఆ డ్రైవర్ ఉద్యోగంలో చేరడానికి మూడున్నర దశాబ్దాల ముందు ఎవరో కూర్చుని రాయించిన మాట అది. తొలగించే ముందు వేరే పోస్టు ఉందేమోనని సంస్థ కనీసం వెతకలేదని కూడా ధర్మాసనం తప్పుపట్టింది. వికలాంగుల విషయంలో 2016 చట్టం ఇంకో అడుగు ముందుంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చి పాత పని చేయలేకపోతే ప్రభుత్వ సంస్థ అదే స్కేలుతో మరో పోస్టుకు మార్చాలి, ఖాళీ లేకుంటే సూపర్‌న్యూమరరీ పోస్టులోనైనా ఉంచాలి.

మరి కాలూ చెయ్యీ బాగానే ఉండి, చేసే పని మాత్రం సరిపడనివాడి సంగతి? అతనికి చట్టమూ లేదు, ఒప్పందమూ లేదు. ఎమ్మెల్యే సిఫారసు లేఖ ఉంది. అది దొరకనివాడికి డిప్యుటేషన్ మీద ఆశ, అదీ కుదరకపోతే మ్యూచువల్ బదిలీ కోసం వాట్సాప్ గ్రూపుల్లో వెతుకులాట. దరఖాస్తు పెట్టిన సంగతి తెలిసిన రోజు నుంచి పై అధికారి చూపు మారుతుంది. 'ఇక్కడేం తక్కువైంది?' అనే ప్రశ్నలో సమాధానం వినే ఉద్దేశం ఉండదు.

అధికారుల భయంలోనూ నిజం లేకపోలేదు. అడిగినవారినల్లా వదిలేస్తే పైసలు రాలే సీట్ల ముందు క్యూ కడతారు, చాకిరీ సీట్లు ఖాళీ అవుతాయి. అయితే ఈ జబ్బు దరఖాస్తుల వల్ల వచ్చింది కాదు, ఆ సీట్ల భర్తీ చీకట్లో జరగడం వల్ల వచ్చింది. జపాన్‌లో సోనీ కంపెనీ 1966లోనే లోపలి ఖాళీలను సిబ్బందికి ప్రకటించి దరఖాస్తులు తీసుకునే పద్ధతి పెట్టింది, కంపెనీ ఖాళీ అయిపోలేదు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పనిచేస్తున్న నిజామాబాద్ పిల్లలకు ఇలా లోపలి ఖాళీలు ప్రకటించే ఐజేపీ (ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్) అంటే రోజువారీ మాట. అదే ఇంట్లో తండ్రి ముప్పై ఏళ్లు ఒకే సెక్షన్‌లో కూర్చుని రిటైరవుతాడు, ఖాళీల జాబితా అనే కాగితం ఒక్కసారైనా చూడకుండా.

కోరిన ప్రతివారికీ కోరిన కుర్చీ దొరకదు. దొరకనవసరమూ లేదు. కానీ ఏ విభాగంలో ఎన్ని ఖాళీలున్నాయో బోర్డు మీద పెట్టాలి. దరఖాస్తుకు రసీదు ఇవ్వాలి. మారితే సీనియారిటీ ఏమవుతుందో సంతకానికి ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఔనన్నా కాదన్నా అరవై రోజుల్లో కారణంతో జవాబివ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టర్ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. లాటరీ తీయడానికి సమయం దొరికిన యంత్రాంగానికి రిజిస్టర్ పెట్టడం భారం కాకూడదు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ పునరుద్ధరణకు 2024 జనవరిలో మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. బాయిలర్ ఎప్పుడు వెలిగినా, యాజమాన్యం ఎవరిదైనా, తొలి వేతన ఒప్పందంలోనే విభాగం మార్పు క్లాజును రాయించాల్సిన పని బోధన్ కార్మిక సంఘాలదే. ఆ పని ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి.