మైదానాన్ని కాల్చిన మాఘమాసం

అమెరికాలో కార్చిచ్చు అనగానే మనకు కాలిఫోర్నియా కొండలు, జూలై ఆగస్టు ఎండలు గుర్తొస్తాయి. కానీ టెక్సాస్ చరిత్రలోకెల్లా పెద్ద మంట రేగింది చలికాలంలో, అదీ చెట్టూచేమా పలచగా ఉండే గడ్డి మైదానంలో. 2024 ఫిబ్రవరి 26న ఆ రాష్ట్రపు ఉత్తర కొసలోని పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో, స్టినెట్ ఊరి దగ్గర ‘స్మోక్‌హౌస్ క్రీక్’ మంట అంటుకుంది. మార్చి 16న పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి 10,58,482 ఎకరాలను, అంటే దాదాపు 4,280 చదరపు కిలోమీటర్లను కాల్చేసింది. ఇద్దరు మహిళలు చనిపోయారు. ఆ వారం పాన్‌హ్యాండిల్‌లో రేగిన మంటలకు 7,000కు పైగా పశువులు బలయ్యాయి. మంట అంటుకున్న రోజు అమరిల్లో నగరంలో ఎండ 82 డిగ్రీల ఫారెన్‌హీట్. ఫిబ్రవరిలో అక్కడి సగటు పగటి ఉష్ణోగ్రత 54. నాలుగో రోజున అదే నేల మీద మంచు కురిసింది.

ఈ విడ్డూరాన్ని అర్థం చేసుకోవాలంటే అడవి మంటల లెక్కలు పక్కన పెట్టి గడ్డి దగ్గర మొదలుపెట్టాలి. పెద్ద మానులో తేమ తగ్గడానికి వారాలు, నెలలు పడుతుంది. గడ్డిపోచకు గంట చాలు. తెల్లవారుజామున మంచుకు తడిసిన గడ్డి మధ్యాహ్నానికి అగ్గిపుల్లలా మండగలదు. చలి తగిలిన గడ్డి నవంబరుకే పసుపెక్కి, ఏప్రిల్‌లో కొత్త చిగురు వేసేదాకా నిలువునా ఎండి నిలబడుతుంది. మామూలు ఏడాదుల్లో అప్పుడప్పుడూ పడే మంచు దాన్ని నేలకు అణచి, తడిపి ఉంచుతుంది. మంచు రాకపోతే ఆ రక్షణ కూడా ఉండదు. 2023-24 చలికాలం మొత్తం అమెరికా ప్రధాన భూభాగంలో రికార్డులు మొదలయ్యాక అత్యంత వెచ్చనిది.

పాన్‌హ్యాండిల్ ఆ ఏడాది కరవులో లేదన్నది మరో సంగతి. 2023 మే, జూన్ నెలల్లో అక్కడ భారీ వానలు పడ్డాయి. రెండేళ్లుగా మేతకు కటకటలాడిన పశుపోషకులు ఆ పచ్చదనం చూసి ఊపిరి పీల్చుకున్నారు. ఆ గడ్డే చలికాలానికి మంటకు మేత అయింది. అడవిలో వరస కరవులు మంటను పెంచితే, మైదానంలో మంచి వానకాలం తర్వాత వచ్చే పొడి చలికాలం అంతకన్నా ప్రమాదం. ఈ క్రమం అర్థం కాకపోతే వానలు పడిన ఏడాది అందరూ నిశ్చింతగా ఉండిపోతారు.

ఇక గాలి. రాకీ పర్వతాల నుంచి తూర్పుకు దిగే గాలి కిలోమీటరు దిగితే దాదాపు పది డిగ్రీల సెల్సియస్ వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ దానిలో తేమ శాతం పడిపోతుంది. చలికాలం చివర పైస్థాయి గాలులు బలంగా ఉంటాయి, నేల మీద పచ్చదనం ఉండదు. ఈ రెండూ కలిసేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. స్మోక్‌హౌస్ క్రీక్ మంట మొదట పడమటి గాలికి తూర్పుగా పరుగెత్తి ఓక్లహోమా సరిహద్దు దాటింది. 27వ తేదీన ఉత్తరం నుంచి చలిగాలి తోసుకొచ్చింది. చలి వస్తే మంట తగ్గుతుందనుకుంటాం. జరిగింది వేరు. అప్పటిదాకా పక్కవాటుగా ఉన్న పొడవాటి దక్షిణపు అంచు ఒక్కసారిగా ముఖం తిప్పి, మైళ్ల వెడల్పుతో దక్షిణానికి ఉరికింది. మైదాన మంటల్లో ప్రాణాలు తీసే పెద్ద ప్రమాదాల్లో ఈ గాలి మలుపు ఒకటి.

ఇది ఒక్క ఏడాది ముచ్చట కాదు. 2006 మార్చిలో ఇదే ప్రాంతంలో ఈస్ట్ అమరిల్లో మంటలు తొమ్మిది లక్షల ఎకరాలకు పైగా కాల్చాయి. 2017 మార్చిలో కాన్సస్, ఓక్లహోమాలు కాలాయి. 2021 డిసెంబరు 30న కొలరాడోలోని బౌల్డర్ కౌంటీలో మార్షల్ మంట కాల్చింది ఆరు వేల ఎకరాలే, కానీ వెయ్యికి పైగా ఇళ్లు ఒక్క రోజులో పోయాయి. మర్నాడు మంచు పడింది. 2025 మార్చి 14న ఓక్లహోమాలో ఒకే రోజు 130కి పైగా మంటలు లేచాయి, నాలుగు వందలకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. గవర్నర్ కెవిన్ స్టిట్ పొలంలోని ఇల్లు కూడా వాటిలో ఉంది. 1985-94 మధ్య ఈ మైదానాల్లో ఏటా సగటున 33 పెద్ద మంటలుంటే, 2005-14 మధ్య అవి 117కు చేరాయని 2017లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

ఇంత జరిగినా ‘ప్రకృతి వైపరీత్యం’ అని చేతులు దులుపుకోవడం తేలిక. అది నేను ఒప్పుకోలేను. 2024లో అమెరికా వాతావరణ శాఖ తన పని తాను చేసింది. గాలి, ఎండ, పొడి కలిసొస్తున్నాయని ముందే చెప్పి, రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక జారీ చేసింది. తప్పు నేల మీద జరిగింది. టెక్సాస్ శాసనసభ విచారణ కమిటీ 2024 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం, మంట పుట్టింది పుచ్చిపోయిన ఒక కరెంటు స్తంభం విరిగినచోట. మంట అంటుకోవడంలో తమ పరికరాల పాత్ర ఉన్నట్టు కనిపిస్తోందని ఎక్సెల్ ఎనర్జీ విద్యుత్ సంస్థ కూడా అంగీకరించింది. చమురు బావులకు వేసిన ప్రైవేటు కరెంటు లైన్ల తనిఖీ ఎవరి బాధ్యతో తేలకపోవడాన్నీ, మంటలార్పే సొంత విమానాలు రాష్ట్రానికి ఒక్కటీ లేకపోవడాన్నీ కమిటీ ఎత్తిచూపింది. స్తంభాల తనిఖీకి విద్యుత్ సంస్థలు ప్రణాళికలు ఇవ్వాలని 2025లో చట్టం వచ్చింది. మంచిదే. పది లక్షల ఎకరాలు కాలాక వచ్చింది.

అక్కడ మంటలకు ఎదురు వెళ్లేది ఎవరు? జీతం లేని వాలంటీర్లు. పగలు పశువులు చూసుకునే రైతు, బడి బస్సు నడిపే మనిషి, వెనక నీళ్ల ట్యాంకు కట్టిన పాత పికప్ బండిలో బయల్దేరతారు. పల్లెలు ఖాళీ అయ్యేకొద్దీ ఆ జట్ల వయసు పెరుగుతోంది. పక్క ఊరు కాలుతున్నప్పుడు తన మంద ఏమైందో చూసుకునే వీలు కూడా వాళ్లకు లేదు. బతికిన పశువులు పొదుగులు, గిట్టలు కాలి నిలబడలేకపోతే తుపాకీతో బాధ తీర్చాల్సింది మళ్లీ ఆ రైతే.

గడ్డిని అదుపులో పెట్టే పాత విద్య ఒకటుంది. మైదానాల్లో మూలవాసులు కావాలనే, సమయం చూసి, గడ్డి తగలబెట్టేవారు. కాన్సస్‌లోని ఫ్లింట్ హిల్స్ పశుపోషకులు నేటికీ వసంతంలో లక్షల ఎకరాలు పద్ధతిగా కాలుస్తారు. ఆ అలవాటు పోయినచోట ఈస్టర్న్ రెడ్ సీడార్ చెట్టు విస్తరించింది. 1930ల ధూళి తుపానుల తర్వాత గాలికి అడ్డుగా ప్రభుత్వమే నాటించిన చెట్లలో అదొకటి. నూనె నిండిన దాని ఆకు అంటుకుంటే నిప్పురవ్వలు అల్లంత దూరాన పడతాయి. చిన్న నిప్పును నిషేధించినందుకు పెద్ద నిప్పుకు కట్టెలు పేర్చినట్టయింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలంటారు. ఇప్పుడది శివరాత్రి దాకా కూడా ఆగడం లేదు. 1901 తర్వాత మన దేశంలో అత్యంత వేడి ఫిబ్రవరి 2025ది. నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో ఆకు రాలేది, ఇప్పపువ్వు కోసం చెట్టు కింద ఆకు తగలబెట్టేది ఈ కాలంలోనే. మన మంటలు ఎక్కువగా నేల మీద పాకేవి, అక్కడిలా గంటల్లో మైళ్లు పరుగెత్తేవి కావు. అయినా మంట పాకకుండా అడవిలో ఫైర్ లైన్లు జనవరిలో గీసే క్యాలెండరు పాత చలికాలాన్ని నమ్ముకుని వేసిందే.

అమెరికా మైదానాల్లోనూ మార్చాల్సింది ఆ క్యాలెండరే. వాలంటీర్ జట్లకు బండ్లు, రేడియోలు, నిధులు అక్టోబరు నాటికే చేతికందాలి. వేసవిలో మంచి వానలు పడిన ఏడాది ఆ మొత్తం పెరగాలి. హెచ్చరిక వచ్చిన రోజున పాత లైన్లలో కరెంటు ఆపే అధికారం ఎవరిదో ముందే రాసిపెట్టాలి. చమురు బావుల ప్రైవేటు లైన్లనూ అదే తనిఖీ కిందికి తేవాలి.