పాత బండి, పెద్ద బరువు: తూకం వేసేదెవరు?

సంక్రాంతి వెళ్లిన రెండు మూడు రోజులకు సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కే బండ్లను చూడండి. విజయనగరం వైపు పుట్టిళ్లకు వెళ్లి కొరాపుట్, జయపురం తిరిగొచ్చే బొలేరోలు, సుమోలు, స్కార్పియోలు. ఏడుగురు కూర్చునే చోట పదిమంది ఉంటారు. పైన క్యారియర్ మీద బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, ఆవకాయ జాడీలు తాళ్లతో బిగించి ఉంటాయి. గంగావతి, సింధనూరు క్యాంపుల నుంచి గోదావరి జిల్లాలకు వచ్చిపోయే వాళ్లదీ, హోసూరు నుంచి తొప్పూరు కనుమ దిగి సేలం వైపు పెళ్లిళ్లకు వెళ్లే వాళ్లదీ ఇదే తీరు.

రెండు రాష్ట్రాల మధ్య బంధుత్వాలు నిలుపుకునే మనలాంటి కుటుంబాలకు ఈ బండి విలాసం కాదు, అవసరం. మనం చేరాల్సిన పల్లెకు నేరుగా బస్సు ఉండదు, రైలు దిగాక మళ్లీ ఆటో వెతుక్కోవాలి. కొత్తది కొనాలంటే పది లక్షలు పైమాటే. అందుకే పదిహేనేళ్లు దాటిన బండినీ ఇంటి మనిషిలా చూసుకుంటాం. అందులో తప్పేమీ లేదు. ఆ బండి మీద ఎంత బరువు పెడుతున్నామన్నదే ఎవరూ లెక్క చూడటం లేదు.

ప్రభుత్వం చూసేది వయసు

పాత బండ్ల మీద ఇప్పుడు జరుగుతున్న చర్చంతా వయసు చుట్టూనే తిరుగుతోంది. పదేళ్ల డీజిల్ బండ్లు, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లు తిరగకూడదన్న వివాదం ఢిల్లీ పరిసర ప్రాంతానిది. అది మన రాష్ట్రాలకు వర్తించదు. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక తనిఖీ చేయించి, రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు.

డబ్బు కట్టి తనిఖీకి తీసుకెళ్లిన రోజు బండి ఖాళీగా వెళుతుంది. లోపల డ్రైవర్ ఒక్కడే. బ్రేకు పట్టిందంటే ఆ ఖాళీ బరువుకే పట్టింది. పండగకు పదిమందితో, పైన బస్తాలతో కనుమ దిగేటప్పుడు అదే బ్రేకు ఏం చేస్తుందో ఆ కాగితం చెప్పదు.

చట్టం కూడా సరుకు బరువును పట్టుకున్నంత గట్టిగా మనుషుల బరువును పట్టుకోదు. 2019 సవరణ తర్వాత అనుమతించిన బరువు మించితే 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకు 2,000 జరిమానా. ఆచరణలో ఇది లారీలకే పడుతోంది. టాక్సీ లాంటి రవాణా వాహనంలో ఎక్కువ మందిని ఎక్కిస్తే మనిషికి 200 రూపాయలు, అంతే.

ఇంట్లో వేసుకోగల లెక్క

బండి యజమాని పుస్తకంలో రెండు అంకెలు ఉంటాయి: ఖాళీ బరువు, అనుమతించిన మొత్తం బరువు. ఈ రెంటికీ మధ్య తేడానే మనం మోయించగలిగేది. ఉదాహరణకు ఖాళీ బరువు 1,600 కిలోలు, మొత్తం 2,200 అనుకుందాం. తేడా 600. సగటున 65 కిలోల చొప్పున ఏడుగురు కూర్చుంటే 455 పోయింది. మిగిలింది 145. ఐదు 26 కిలోల బియ్యం బస్తాలు వేస్తే ఇక మిగిలేది 15 కిలోలు. ఏడుగురి బట్టల పెట్టెలు ఇంకా ఎక్కించనే లేదు. పైన ఇనుప క్యారియర్ వేయించుకుంటే దాని బరువూ ఇందులోంచే పోవాలి.

"వెనక ఒక కమాన్ పట్టీ ఎక్కువ వేయించాను, ఇంకేం భయం లేదు" అనే మాట మన మెకానిక్ షెడ్లలో రోజూ వినబడుతుంది. పట్టీ వేస్తే బండి వెనక భాగం కిందికి కుంగదు, నిజమే. కానీ బ్రేకులు పాతవే, టైర్లు పాతవే, యాక్సిల్ పాతదే. అంతకుముందు బండి కుంగి "ఇక చాలు" అని చెప్పేది. పట్టీ వేసి ఆ హెచ్చరికను కూడా మనమే నోరు మూయించాం.

ఇక వేగం. 60లో వెళ్లే బండిని 80కి తీసుకెళితే ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 78 శాతం పెరుగుతుంది. దిగుడులో కాలు బ్రేకు మీదే ఉంచితే వేడెక్కిన బ్రేకు ఆయిల్ మరుగుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఆ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019లో. అంతకుముందు కొన్న మన బండ్లలో చాలావాటికి ఆ ఆసరా కూడా లేదు.

బీమా దగ్గర అసలు దెబ్బ

బండి పాతబడితే విలువ తగ్గుతుంది కాబట్టి చాలామంది పూర్తి బీమా మానేసి థర్డ్ పార్టీ మాత్రమే కడుతున్నారు. ఏటా కొన్ని వేలు మిగులుతాయి. కానీ సొంత కారులో ఊరికే ఎక్కించుకున్న బంధువులకు కేవలం థర్డ్ పార్టీ పాలసీ వర్తించదు, పూర్తి ప్యాకేజీ పాలసీ అయితే వర్తిస్తుంది. ఈ తేడాను సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. అంటే ప్రమాదం జరిగితే ఎదుటి మనిషికి బీమా ఉంటుంది. మన వెనక సీట్లో కూర్చున్న అత్తయ్యకు, మేనల్లుడికి ఉండదు. పరిహారం చెల్లించాలని కోర్టు తేలిస్తే అది యజమాని ఇల్లూ పొలం మీదికి వస్తుంది.

సీట్లకు మించి ఎక్కించినా ఇదే చిక్కు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించిన ఒక బస్సు ప్రమాదం కేసులో, ఎందరికి బీమా ఉందో అందరి మేరకే బీమా సంస్థ బాధ్యత అని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. డీజిల్ ఖర్చుకని తలా ఇంత తీసుకుని సొంత కారును కిరాయికి తిప్పితే, క్లెయిమ్ తిరస్కరించడానికి బీమా సంస్థకు మరో కారణం దొరుకుతుంది.

బండి వయసు పెరిగేకొద్దీ దాని మీద బరువు పెంచుతున్నాం, బీమా తగ్గిస్తున్నాం. ప్రమాదం ఇక్కడే ఉంది.

చేయగలిగినవి

ప్రభుత్వాలు ఫీజు పెంచినంత చురుగ్గా ఒక పని చేయాలి. రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు ఆ బండి ఎంత మోయగలదో కిలోల్లో కాగితం మీద రాసివ్వాలి. పండగ రోజుల్లో సరిహద్దు ఊళ్లకు బస్సులు పెంచాలి.

మనవైపు పనులు పెద్ద ఖర్చువి కావు. టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది, గీతలు ఎంత బాగున్నా మార్చే వేళ దాటింది. టైరు సైజు పక్కనే లోడ్ అంకె ఉంటుంది. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు, 95 అంటే 690 మోస్తుంది. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి. బరువు పైన కాకుండా లోపల, కింద, వెనక సీటుకు ఆనించి పెట్టండి. ఎక్కడానికి ఏ గేరు కావాల్సి వచ్చిందో దిగడానికీ అదే గేరు వేయండి. పాలసీ పునరుద్ధరించేటప్పుడు లోపల కూర్చునేవారికి వర్తిస్తుందా అని ఏజెంటును సూటిగా అడగండి.

బియ్యం బస్తాలను పార్శిల్‌లో వేస్తే రెండు రోజులు ఆలస్యంగా వస్తాయి. మిగతా ముగ్గురు బస్సులో వస్తే వంటింట్లో కబుర్లు ఒక పూట ఆలస్యంగా మొదలవుతాయి. అంతకు మించి పోయేదేమీ లేదు.