ముక్కులో వేసే టీకా: ముందుగా అడగవలసిన ప్రశ్న

సూది లేకుండా ముక్కులో తుంపరగా కొట్టే ఫ్లూ టీకా అమెరికాలో 2003 నుండి వాడుకలో ఉన్నది. బ్రిటన్‌లో 2013 నుండి పిల్లలకు ఇస్తున్నారు. ఆ దేశాలలోని మనుమలకు టీకా వేసిన మర్నాడు ముక్కు కారితే, ఇక్కడి తాతలు, అమ్మమ్మలు నన్ను అడుగుతారు: "వైద్యులవారూ, ఏ కషాయం ఇమ్మంటారు?"

ఈ ప్రశ్న ఆలస్యంగా వచ్చినదని నా అభిప్రాయం. ముందే అడగవలసినది వేరొకటి కలదు. ఈ బిడ్డ ఆ టీకాకు అర్హుడా?

ఇందులో ఉన్నది బలహీనపరచిన సజీవ వైరస్. ముక్కులోని చల్లదనంలో అది పెరుగును. ఊపిరితిత్తుల వేడిమిలో పెరగజాలదు. అందుచేత ముక్కు కారుట, దిబ్బడ, గొంతునొప్పి, తలనొప్పి, చిన్నపిల్లలలో కొద్దిపాటి జ్వరం కనిపించవచ్చును. సాధారణంగా ఇవి కొద్దిరోజులలో శమిస్తాయి. వీటిని చూచి టీకాను విషమనుట తగదు. విశ్రాంతి, గోరువెచ్చని నీరు, పలుచని పెసరకట్టు చాలును. ఆ రోజులలో ముక్కులో తైలం వేయరాదు.

చరకుడు నస్యకర్మకు అనర్హులను వరుసగా పేర్కొన్నాడు. గర్భిణి, కొత్తగా పడిశం పట్టినవారు అందులో ఉన్నారు. గురుకులంలో మాకు ఔషధం పేరుకంటె ముందు ఆ వరుస వల్లె వేయించేవారు.

ఆధునిక వైద్యులదీ ఇదే పద్ధతి. అమెరికా నిబంధనల ప్రకారం 2 ఏళ్లు నిండని శిశువులు, 50 ఏళ్లు నిండినవారు, గర్భిణులు, రోగనిరోధకశక్తి క్షీణించినవారు, ఆస్పిరిన్ వాడుతున్న పిల్లలు, గత ఏడాదిలో పిల్లికూతలతో ఆయాసపడిన 2 నుండి 4 ఏళ్ల పిల్లలు ఈ తుంపరకు అనర్హులు. వీరిలో 6 నెలలు నిండినవారికి సూదితో వేసే ఫ్లూ టీకా ఉన్నది. సూదికి ఏడ్చునని ఆయాసం సంగతి దాచి తుంపర వేయించుట బిడ్డకు కీడు చేయుటే.

జ్వరం వచ్చినదని పిల్లలకు సొంతంగా ఆస్పిరిన్ ఇవ్వరాదు. మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ అరుదుగా రావచ్చును. ముఖం ఉబ్బినా, శ్వాస కష్టమైనా కషాయం కాచుతూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

కలిగిన బాధను వైద్యునికి తెలుపుట కూడ ముఖ్యం. 2000-01 శీతకాలంలో స్విట్జర్లాండ్‌లో వేరొక రకపు ముక్కు టీకా తరువాత కొందరికి అర్దితవాతం, అనగా ముఖ పక్షవాతం, వచ్చినది. వైద్యులు ఆ సంగతి నివేదించినందుననే ఆ టీకా వాడుక ఆగిపోయినది. నేటి తుంపర అది కాదు.

కావున పెద్దలకు నా మనవి: "బిడ్డ ఆయాసం సంగతి అక్కడి డాక్టరుకు చెప్పారా?" అని టీకాకు ముందే ఫోనులో అడగండి. కషాయం సంగతి తరువాత చూచుకొందము.