సూదికి ముందు క్రియాటినిన్

బరువు తగ్గించడానికి వారానికొకసారి వేసుకునే సూదిమందులు మనదేశపు దుకాణాల్లోకి వచ్చింది 2025లో. మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. మౌంజారో తొలి మోతాదు సీసా ధర అప్పట్లో 3,500 రూపాయలు. ఉపాధి హామీ పనికి వెళ్లే మనిషికి అది పదకొండు రోజుల కూలి పైమాటే. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇన్నాళ్లూ ఈ ముచ్చట ఉద్యోగస్తుల, వ్యాపారస్తుల ఇళ్లు దాటలేదు. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్‌ పేటెంటు గడువు మనదేశంలో 2026 మార్చితో తీరింది. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్‌తో సహా దేశీయ కంపెనీలు ముందునుంచే కాచుకుని ఉన్నాయి. ధర దిగితే మందు శ్రీకాకుళం జిల్లా కొసనున్న ఇచ్ఛాపురం దాకా వస్తుంది. రావాలి కూడా. కాకపోతే ఆ దారిలోనే ఉద్దానం ఉంది.

ముందు మేలు సంగతి. పేగుల్లో సహజంగా ఊరే జీఎల్‌పీ-1 హార్మోనును అనుకరించే మందు సెమాగ్లుటైడ్. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, ఇక చాలన్న కబురు మెదడుకు తొందరగా అందుతుంది. 1,961 మంది మీద జరిగిన స్టెప్-1 పరీక్షలో దీన్ని వాడినవాళ్లు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. మందు లేని ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్లు తగ్గింది 2.4 శాతమే. గుండెజబ్బు ఉండి సుగర్ లేని 17,604 మంది అధిక బరువు వాళ్ల మీద జరిగిన సెలెక్ట్ పరీక్ష ఫలితం 2023లో వచ్చింది: గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే ముప్పు 20 శాతం తగ్గింది. ఆకలి మందుల పాత చరిత్ర తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. గుండె కవాటాలు పాడుచేస్తోందని ఫెన్‌ఫ్లూరమిన్‌ను 1997లో అమెరికాలో వెనక్కి తీసుకున్నారు. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని సిబుట్రమిన్‌ను మన కేంద్రం 2011లో నిషేధించింది.

ఇక ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు చెడిపోతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్లేదు. పైకి లక్షణం కనిపించేసరికి కిడ్నీ చాలావరకు పోయి ఉంటుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచింది ఈ జబ్బు కోసమే.

ఈ సూది మొదలుపెట్టిన వారాల్లో, మళ్లీ మోతాదు పెంచినప్పుడల్లా, వికారం, వాంతులు, విరేచనాలు మామూలే. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ ఉన్నపాటున దెబ్బతినొచ్చని మందుతో ఇచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. ఏసీ గదిలో కూర్చునే మనిషి రెండు లీటర్ల నీళ్లు తాగి గట్టెక్కుతాడు. ఎండాకాలం తోటలో పొద్దున్నించీ జీడిపిక్కలు ఏరే మనిషి, అప్పటికే తన కిడ్నీ సగం పోయిందని ఎరగని మనిషి, అలా గట్టెక్కుతాడని ఎవరు చెప్పగలరు?

'ఇది కిడ్నీకి కూడా మంచిదట' అనే మాట ఒకటి వినిపించబోతోంది. అందులో సగం నిజముంది. ఇదే మందు మీద 2024లో వచ్చిన ఫ్లో పరీక్షలో కిడ్నీ జబ్బు తీవ్రమయ్యే ముప్పు 24 శాతం తగ్గింది. కానీ అందులో పాల్గొన్న 3,533 మందీ సుగర్ ఉన్నవాళ్లే. ఆ ఫలితాన్ని సుగర్ లేకుండా వచ్చే ఉద్దానం జబ్బుకు అంటగట్టడం కుదరదు.

కాబట్టి ఇక్కడ సూది రాసే ముందు రక్తంలో క్రియాటినిన్ చూసి, కిడ్నీ వడపోత ఎంత ఉందో చెప్పే ఈజీఎఫ్ఆర్ లెక్కగట్టడం తప్పనిసరి చేయాలి. అక్కడా ఒక మెలిక ఉంది. క్రియాటినిన్ కండ నుంచి వచ్చేది. ఈ మందుతో తగ్గే బరువులో కొంత కండే. కండ కరిగితే క్రియాటినిన్ అంకె దిగుతుంది, కిడ్నీ బాగుపడిందని రిపోర్టు భ్రమ కల్పిస్తుంది. అనుమానమున్న చోట, కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి పరీక్ష చేయించాలి. ఖర్చు ఎక్కువే, కానీ నెలనెలా వేలు పోసి సూది కొనేవాళ్లకు అది భారం కాదు.

కండ మాట వచ్చింది కాబట్టి కంచం మాట కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం మంది ఉండాల్సినదానికంటే బరువున్నారు, 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ రెండూ ఒకే ఒంట్లో ఉన్న ఆడవాళ్లు తక్కువేం కాదు. నాలుగు ముద్దలకే చాలనిపించి, ఆ నాలుగూ చారన్నమే అయితే, కొవ్వుతో పాటు కాళ్లలో సత్తువా పోతుంది. మందు చీటీ రాసే చేత్తోనే పప్పు, గుడ్డు, చేప ఎంత తినాలో, అవి అన్నానికంటే ముందు తినాలని రాయాలి.

పెళ్లి ముహూర్తానికి మూడు నెలల ముందు మొదలెట్టి, తాళి కట్టగానే మానేద్దామనుకునేవాళ్లకు ఒక్కమాట: స్టెప్-1లో మందు ఆపినవాళ్లకు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది.

ఈ సూదిమందును స్పెషలిస్టులే రాయాలి. కానీ ఉద్దానంలో ఒంట్లో నలతగా ఉంటే జనం ముందు వెళ్లేది ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరకు. స్పెషలిస్టు కావాలంటే చాలామంది ఊరు దాటి వెళ్లాల్సిందే. ఈ ఎడంలోనే చీటీ లేని అమ్మకం పుడుతుంది. ఉద్దానం ఊళ్లలో క్రియాటినిన్ పరీక్షలు ప్రభుత్వానికి కొత్త కాదు, శిబిరాలు పెట్టి చేసిందే. మూడు నెలల లోపు రిపోర్టు చూపిస్తేనే మందుల షాపు ఈ సూది ఇవ్వాలన్న నిబంధన ఆ మండలాల నుంచే మొదలు కావొచ్చు, చవక సూదులు షాపుల్లో నిండకముందే.